కొట్టివేతల్లో పోయిన మనిషి

పెద్దదోర్నాల నేపథ్యంగా ఈమధ్య ఒక కథ రాసుకున్నాను. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కాబట్టి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదికి రాత్రిపూట బండ్లని వదలరు. తెల్లారి గేటు తీసేదాకా ఆగిపోయిన వాళ్లకి టీ అమ్ముకునే ఒంటరి ఆడమనిషి కథ అది. చిత్తుప్రతి పద్నాలుగు పేజీలొచ్చింది. సాగిందనిపించి, కూర్చుని తొమ్మిదికి దించాను. మళ్లీ చదివితే వాక్యాలు నున్నగా ఉన్నాయి, మనిషి లేదు.

ఏం కొట్టేశానా అని వెనక్కి వెళ్లి చూసుకున్నాను. లెక్క తేలక పాలవాడితో ఆమె వేసుకున్న తగువు పోయింది. అప్పు ఎగ్గొట్టిన డ్రైవర్ని తిట్టిన తిట్లు పోయాయి. కొన్న నీళ్లు టీకి, బోరు నీళ్లు గ్లాసులు కడగడానికి అని ఆమె చేసుకున్న ఏర్పాటూ పోయింది. (పడమటి ప్రకాశంలో ఫ్లోరైడ్ సంగతి తెలిసినవాళ్లకి అదేం చిన్న ఏర్పాటు కాదు.) మరి ఉంచినవేమిటి? నల్లమల మీద వెన్నెల, ఆమె కళ్లలో దిగులు, చివర నేనిచ్చిన ఉపన్యాసం!

కథకి క్లుప్తత ముఖ్యమని మనందరం విన్నదే. ఏది తగ్గించాలో నిర్ణయించే చూపు ఎవరిదన్న దగ్గరే పేచీ. నీళ్ల తగాదాలు, పాల లెక్కలు ‘చిల్లర విషయాలు’ అని చిన్నప్పట్నుంచీ విన్న చెవి ఒకటి మనలోనే ఎడిటరై కూర్చుంటుంది. స్త్రీవాదులమైనా సరే.

దిద్దుకోవడమంటే తగ్గించడమే కానక్కర్లేదు. గురజాడ 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అలా తిరగరాయడంలోనే మధురవాణి అంత పెరిగింది. పేరులోనే దిద్దుబాటున్న ఆయన 1910 నాటి కథలో మాత్రం దిద్దబడింది మొగుడు. మంచం కింద దాక్కున్నంతసేపూ కమలిని ఏమనుకుందో మనకి తెలీదు.

ఇప్పుడు మూడో ప్రతి రాస్తున్నాను. ప్రతి వాక్యాన్నీ పైకి చదివి, ఇది ఆమె చేస్తున్న పనా, ఆమె మీద నా జాలా అని అడుగుతున్నాను. మొదట ఉపన్యాసం పోయింది, తర్వాత వెన్నెల. వెన్నెల తీసేయడం కష్టంగానే ఉంది, బాగా రాశాననుకున్న పేరా అది. పాలవాడు తిరిగొచ్చాడు. “నీళ్లే ఇంత పోసి కొంటుంటే టీ ఎంతకమ్మాల?” అని ఆమె అడిగిన చోట కథ మొదలవుతోంది. పన్నెండు పేజీలయింది. ఆమెకింకా పేరు పెట్టలేదు. మూడు ప్రతుల్లోనూ ‘ఆమె’ అనే రాస్తూ వచ్చానని నిన్ననే గమనించాను.