ఎనిమిది ఇస్తే రెండే కనిపించినప్పుడు

వర్చువల్ మెషీన్‌కి ఎనిమిది ప్రాసెసర్లు ఇచ్చారు. లోపల విండోస్ 10 ప్రోలో టాస్క్ మేనేజర్ తెరిస్తే రెండే ఉన్నాయి. ఇలాంటప్పుడు మంచి సిస్టమ్ అడ్మిన్ పనితనం చూసి తీరాలి. కంగారుపడరు, అన్నీ చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయరు. ముందు సాకెట్ల లెక్క చూస్తారు.

లినక్స్‌లోని కేవీఎంలో మనం విడిగా చెప్పకపోతే ఒక్కో వర్చువల్ ప్రాసెసర్ ఒక్కో సాకెట్‌గా కనిపించవచ్చు. విండోస్ 10 ప్రో రెండు సాకెట్లకు మించి వాడుకోదు, హోమ్ అయితే ఒక్కటే. ఇక్కడ మిగతా ఆరూ ఊరికే పడి ఉంటాయి. సెట్టింగుల్లో ఒక సాకెట్, ఎనిమిది కోర్లు అని మార్చి, మెషీన్‌ని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎనిమిదీ వరసగా కనబడతాయి. మారింది ఒక్క పంక్తే. ఏ పంక్తి మార్చాలో తెలియడం ఉందే, దానికి దండం పెట్టాలి.

హద్దు ప్రతిసారీ అక్కడే ఉండదు. 32 బిట్ విండోస్ 32 ప్రాసెసర్ల దగ్గర ఆగిపోతుంది, హైపర్-వీ జనరేషన్ 1 మెషీన్ 64 దగ్గర. 255 దాటాలంటే ప్రాసెసర్లను గుర్తించే పాత ఏపిక్ నంబర్లు చాలవు, ఎక్స్2ఏపిక్ కావాలి.

నాకు మరీ గౌరవం, అడిగినన్ని కోర్లు ఇవ్వలేమని చెప్పగలిగినవాళ్ల మీద. లినక్స్‌లో టాప్ కమాండ్ చూపే ‘ఎస్‌టీ’ అంకె పెరుగుతోందంటే, మెషీన్ తన వంతు కోసం ఆగుతోందని అర్థం. కిందున్న అసలు మెషీన్‌లో కోర్లే చాలకపోవడం దీనికి మామూలు కారణం. అక్కడ వాళ్లు కొత్తవి కలపరు. పనిలేకుండా ఉన్న మెషీన్ల నుంచి ఒక్కొక్కటే తగ్గిస్తూ వస్తారు.