పాతరంగు నిలుపుట యొక విద్య

రెండవ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట, 1946లో, రోల్స్ రాయిస్ వారు వెలువరించిన మొదటి వాహనము సిల్వర్ రెయిత్. క్రూ పట్టణమునందలి తమ కర్మశాలలో చట్రమును, ఆఱు సిలిండర్ల ఇంజనును, ముందరి రేడియేటరును సిద్ధపఱచి యిచ్చుటతో వారి పని ముగిసెడిది. కొన్న ధనికుడు హూపరు, పార్క్ వార్డ్, జేమ్స్ యంగ్ మున్నగు బాడీ నిర్మాతలలో నెవరినైన నాశ్రయించి, తన యభిరుచికి దగిన శరీరమును దానిపై గట్టించుకొనెడివాడు. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లనుండి గుఱ్ఱపుబండ్లు కట్టుటలో నారితేఱిన హూపరువారి చేతికి వెళ్లిన చట్రము, లోపల యాష్ కఱ్ఱ కట్టుబడిని, దానిపై చేతితో సాగగొట్టిన అల్యూమినియపు రేకును ధరించి, పూతపై పూత పడి, ప్రతి పూతయు నునుపు చేయబడి, తుదకు లిమొసీన్ అను రాచఠీవి గల వాహనమై వెలువడెడిది. 1958 ప్రాంతమున రెయిత్ నిర్మాణము నిలిచినది. మఱుసటి యేడు హూపరువారును బాడీలు కట్టుట మానిరి. ఆ చట్రమును ఆ చేతులును మరల కలియుట యిక లేదు గనుక, మిగిలియున్నవానిని మిగిలియున్న రూపమున కాపాడుటయే నేటివారి వంతు.

ఇంగ్లండునం దొక గృహస్థుని యింట, మరల రంగు వేయక, తోలు మార్పక, తరములుగా నిలుపుకొనుచు వచ్చిన హూపరు లిమొసీన్ నొకదానిని తీరికగా పరిశీలించు భాగ్యము నాకు గలిగినది. దూరమునుండి చూచునపుడు నల్లని నిగనిగయే గాని, దగ్గఱ నిలిచి బానెట్టు అంచు వెంబడి దృష్టి సారింపగా, మెత్తని గుడ్డతో వేలసారులు తుడిచిన చేతులు రంగును పలుచన చేసి, క్రిందనున్న బూడిదవన్నె ప్రైమరును సన్నని చాఱగా బయటపెట్టినవి. ప్రక్కభాగమున నీ కొననుండి యా కొనవఱకు సాగిన ఎఱ్ఱని గీటు, పొడుగు వెండ్రుకల కుంచెతో నొక పనివాడు చేతితో దీసినది. వెనుకతలుపు పిడి క్రింద నది వెండ్రుకవాసి లావెక్కి, మరల సన్నగిల్లి, తన త్రోవను తాను పోయినది. అచ్చట నాతడు కుంచెను రంగులో ముంచి తిరిగి యందుకొనెనని నా యూహ. పేరు తెలియని యా పనివాని హస్తము రేకుమీద నింతకాలము నిలిచియున్న దను తలంపుతో, ఆ గీటును విడిచి నా చూపు చాలసేపు మఱలలేదు.

లోపల, డ్రైవరు కూర్చుండు ముందరిభాగము తోలుతోను, యజమాని కూర్చుండు వెనుకభాగము పశ్చిమ ఇంగ్లండున నేసిన ఉన్నిబట్టతోను తొడుగబడినవి. తోలే ఘనమనుకొను నేటివారి కిది విపరీతముగా దోచవచ్చును గాని, గుఱ్ఱపుబండి కాలమున వెలుపల వానలో తడియు సారథికి తోలును, లోపల సుఖాసీనుడైన ప్రభువునకు ఉన్నియు నమర్చిన యాచారమే మోటారులోనికి నడచివచ్చినది. డ్రైవరు సీటు తోలు నడుమ పగుళ్లువాఱి, దిగునపు డెల్ల ఒరసికొను కుడియంచున వన్నెదప్పి లేత గోధుమరంగునకు వచ్చియుండగా, నడిమి అద్దపు తెరకు వెనుకనున్న ఉన్ని యించుమించు క్రొత్తదిగనే యున్నది. ఆ బండిలో దినమెల్ల గడపిన వా డెవడో, అప్పు డప్పు డెక్కిన వా డెవడో ఆ రెండు సీట్లే చెప్పుచున్నవి. తలుపుల పైయంచులను అక్రోటు కఱ్ఱ పలుచని పొరలలో, ఒకే దుంగనుండి వరుసగా కోసిన రెంటిని పుస్తకము విప్పినట్లు ప్రక్కప్రక్క నతికినందున, ఎడమ సుడికి కుడిసుడి ప్రతిబింబమై నిలిచినది. ఇంజనీర్ల పనియు నీ పనితనమునకు తీసిపోదు: చట్రపు కీళ్లకు డ్రైవరు తన స్థానమున కూర్చుండియే కాలితో నొక పెడలు నొక్కి చమురు పంపగలడు, వెనుక షాకబ్సార్బర్ల బిగువును స్టీరింగు చక్రము నడుమనున్న చిన్న మీటతో హెచ్చింపగలడు.

ఇట్టి బండి చేజిక్కిన ధనవంతునకు ప్రాయికముగా మొట్టమొదట గలుగు సంకల్పము, రంగంతయు గీకించి, తోలంతయు పెఱికించి, సర్వమును క్రొత్తగా చేయింపవలెనని. ఆ పని చేయువారి నైపుణ్యమును నేను తక్కువచేయను. కాని నేటి రసాయనపు రంగు పైపైన గాజువలె మెఱయునే గాని, నాటి సెల్యులోజు పూతల లోతును తేజాలదు. ఎఱ్ఱగీటు మరల గీయబడును, ఆ పనివాడు మాత్రము మాయమగును. ఒక్కసారి గీకినపిదప ఆ రంగు ఏ ఛాయదో, ఎన్ని పూతలదో, ఎట్లు వేసినదో ఎవరును నిర్ణయింపజాలరు. పురాతన కట్టడముల విషయమై 1964లో వెనిస్ నగరమున పెద్దలు వ్రాసికొన్న నియమపత్రమును మాతృకగా గొని, పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య ట్యూరిన్ పేరిట నొక పత్రమును సిద్ధపఱచినది. కాలము వేసిన ముద్రలును వాహన చరిత్రలో భాగమే యనునది దాని సారము.

అట్లని ప్రతి పాతవస్తువును ముట్టరాదను మూర్ఖపు పట్టు నాకు లేదు. టైర్లు, బ్రేకు గొట్టములు, రబ్బరు ఎండి రాలిపోవుచున్న విద్యుత్తీగలు ప్రాణములతో ముడిపడినవి. వానిని నిస్సంకోచముగా మార్పవలెను. యాష్ కఱ్ఱ కుళ్లినచోట కుళ్లినంతమేర క్రొత్త ముక్క నతుకవలెను. తక్కిన శరీరమును మాత్రము ఓర్పుతో కాపాడవలసినదే. నీటిని గొట్టముతో చిమ్మక, తడిస్పాంజితో తుడిచి, వెంటనే ఆర్పవలెను. లేనిచో గడప క్రిందికి జాఱిన నీరు కఱ్ఱను తినివేయును. రాపిడి గల పాలిషు పెట్టిన ప్రతిసారియు సెల్యులోజు కొంత యరిగిపోవును గనుక, మైనము చాలును. ఉన్నికి శత్రువు చిమ్మట, అక్రోటు పొరకు శత్రువు మితిమీఱిన యెండయు మితిమీఱిన చెమ్మయు. ఇంజనును రెండు నిమిషములు త్రిప్పి యాపుట యుపకారము కాదు. లోపల చేరిన చెమ్మ యావిరియై పోవునంతవఱకు బండిని దారిలో నడపవలెను.

వాడుకలో నున్నదియే బ్రదుకుననుటకు ఇంగ్లండు రాచకుటుంబపు ఫాంటమ్ ఫోర్ సాక్ష్యము. ఆ నమూనా 1950 మొదలు 1956 వఱకు పదునెనిమిదే నిర్మింపబడినది. వానిలో మొదటిది ఎలిజబెత్ యువరాణికై, కర్మశాలలో ‘నాభా’ యను మాఱుపేరుతో గోప్యముగా సిద్ధమైనది. 2018లో హారీ యువరాజు పెండ్లికి వధువును విండ్సరు కోటలోని చర్చికి కొనివచ్చినదియు నదియే. మొదటి యాకుపచ్చ వన్నెను తొలగించి, పట్టాభిషిక్తురాలైన రాణికి దగిన రాచరంగులను వేసిరి. రాజలాంఛనమునకై చేసిన మార్పు గాన తప్పుపట్టజాలను గాని, ఆ పచ్చదనము నిలిచియుండిన బాగుండెడిదని నా మనసున కనిపించుచునే యుండును.

మన హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదమునకు వెళ్లినవారు పసుపుపచ్చని 1912 నాటి సిల్వర్ ఘోస్టును చూచియేయుందురు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని కోరి 1911లోనే కాలధర్మము నొందగా, బార్కరు కంపెనీవారు సింహాసనమువలె ఎత్తుగా నమర్చిన వెనుకపీఠముతో నది తరువాతి నిజామునకు చేరినది. అది కొన్నివందల మైళ్లకు మించి తిరుగలేదందురు. చూడముచ్చటయే, అయినను తిరిగి తిరిగి యరిగిన ఆ హూపరు బండి తోలులోనే నాకు వాహనధర్మము ఎక్కువగా గోచరించినది.

మన జమీందారీ గృహములలోను, పాత వర్తకుల యిండ్లలోను, గోనెపట్టాల క్రింద నింకను కొన్ని ఆస్టిన్లు, హంబర్లు, మోరిస్సులు దుమ్ము తినుచున్నవి. వానిని కలవారికి నా విన్నపము: డెంటింగు మేస్త్రీని పిలుచుటకు ముందు ఎలుకలను, చెదలను వెడలగొట్టి, దుమ్ము తుడిచి, ఉన్నది ఉన్నట్లు ఫోటోలు తీయించుడు. అంతకును రంగు వేయింపక తప్పదన్నచో, తలుపు లోపలి అంచున జానెడు మేర పాతరంగును ముట్టవలదని మేస్త్రీకి ఖండితముగా చెప్పుడు.