జీవచ్ఛవ చిత్రములు - అభిమానుల రసదృష్టి

తెలుగున 'జీవచ్ఛవము' అను మాట యొకటి కలదు. ప్రాణముండియు శవప్రాయుడై కాలము గడపువానికి ఆ పేరు. పాశ్చాత్యులు 'జోంబీ' యని వ్యవహరించునది దీనికి తలక్రిందులు. అది ప్రాణము పోయియు నడచు శవము. ఈ రెంటి నడుమనున్న భేదము పైకి స్వల్పముగా దోచును గాని, తొంబది యేండ్లు దాటిన జోంబీ చలనచిత్రముల చరిత్రమును గ్రహించుటకు ఆ భేదమే తాళపుచెవి. ఆ చిత్రములను పాతవియనక క్రొత్తవియనక మరల మరల చూచి, వాని గుణదోషములను గూర్చి తెల్లవార్లు వాదించుకొను అభిమానులు అనేక దేశములందు గలరు. వారి యుత్సాహమును వెఱ్ఱియని త్రోసివేయుట సులభము. ఆ యుత్సాహము దేనిని నిలిపినది, దేనిని మఱచినది యని విచారించుట విమర్శకు దగిన పని.

ఈ కథకు పుట్టినిల్లు కరీబియను సముద్రమందలి హైతీ. ఫ్రెంచివారి యేలుబడిలో ఆఫ్రికానుండి తేబడిన బానిసలు అచ్చటి చెఱకుతోటలలో చచ్చువఱకు చాకిరి చేసిరి. 1791లో తిరుగుబాటు చేసి, 1804లో స్వతంత్రులైరి. చావొక్కటే విడుదల యని నమ్మినవారికి, చచ్చినపిదప గూడ మంత్రగాని చేతిలో కూలియై పొలము దున్నవలసి వచ్చుటకంటె ఘోరమైన గతి మఱియొకటి యుండదు. కావున ఆ జనుల విశ్వాసమున జోంబీ యొరులను భక్షించునది కాదు. దానిని చూచి భయపడుటకంటె, తామే యట్లగుదుమేమో యని వారు భయపడిరి. హైతీ జోంబీకి మన 'జీవచ్ఛవము' అను మాటయే దగ్గఱి చుట్టము.

1915 మొదలు 1934 వఱకు హైతీ అమెరికా సైన్యముల యదుపున నుండెను. ఆ కాలముననే విలియం సీబ్రూక్ అను అమెరికను రచయిత 'ది మాజిక్ ఐలండ్' అను గ్రంథమును 1929లో ప్రకటించి, ఆ విశ్వాసమును తన దేశపు పాఠకుల యెదుట బెట్టెను. మూడేండ్లకే హాల్పెరిన్ సోదరులు బేలా లుగోసీ ప్రధానపాత్రగా 'వైట్ జోంబీ' చిత్రమును (1932) విడుదల చేసిరి. అందొక చక్కెర మిల్లు కలదు. జీవచ్ఛవములు పెద్ద గానుగను త్రిప్పుచుండగా ఒకడు యంత్రములో బడిపోవును. తక్కినవారు తల త్రిప్పియైన జూడరు, గానుగ నిలువదు. హైతీ ప్రజల అసలు భయము ఆ యొక్క దృశ్యమున నిలిచినది. 1943లో జాక్ టూర్నర్ దర్శకత్వమున వచ్చిన 'ఐ వాక్డ్ విత్ ఎ జోంబీ' చిత్రమునందును బానిసత్వపు నీడ విడువలేదు.

ఈ కథకు రెండవ జన్మము 1968లో కలిగెను. పిట్స్‌బర్గు నగరమున ప్రకటనల చిత్రములు తీయుచుండిన జార్జి రొమెరో మిత్రులతో గూడి, ఇంచుమించు 1,14,000 డాలర్ల వ్యయముతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అను నలుపు తెలుపు చిత్రమును నిర్మించెను. క్రొత్తగా మరణించినవారు లేచివచ్చి బ్రదికినవారిని తినుచుందురు; ఏడుగురు ఒక పల్లెటియింట తలుపులు బిగించుకొని రాత్రి గడపజూతురు. ఈ చిత్రమున 'జోంబీ' యను మాటయే వినబడదు. మంత్రగాడు లేడు, యజమాని లేడు, చెఱకుతోట లేదు. చాకిరి చేయు శవము తిను శవముగా మాఱినది. నేటి అభిమానులు జోంబీ యనగా తలచుకొను రూపము ఇదియే.

ఇందలి నాయకపాత్రను నల్లజాతి నటుడు డ్వేన్ జోన్స్ ధరించెను. రాత్రియంతయు పోరాడి మిగిలిన ఆ యొక్కడు, తెల్లవాఱిన పిమ్మట, శవములను వేటాడ వచ్చిన తుపాకి దళమువారు తన్ను గూడ శవమే యనుకొని కాల్చగా మరణించును. ఆ యేడే ఏప్రిల్ 4వ తేదీన మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గుఱియయ్యెను. పూర్తియైన చిత్రపు ప్రతిని కారులో న్యూయార్కునకు గొనిపోవుచుండగా ఆ వార్త రేడియోలో వింటినని రొమెరో తరువాతి కాలమున చెప్పుచుండెను. రచనలో నాయకుని వర్ణప్రసక్తి లేదు. ప్రేక్షకులకు మాత్రము ఆ మరణమున తమ దేశపు ముఖమే కానవచ్చినది.

అభిమానుల యుత్సాహమునకు చోటు కల్పించిన హేతువు వింతయైనది. ఈ చిత్రమునకు మొదట వేఱొక పేరు పెట్టబడియుండెను. పంపిణీదారులు పేరు మార్చినప్పుడు, పాత పేరుతోపాటుండిన హక్కుల ప్రకటన క్రొత్త ప్రతులపై నెక్కలేదు. అప్పటి అమెరికా చట్టము ననుసరించి ఆ లోపముచేత హక్కు నశించెను. నిర్మాతలకు న్యాయముగా రావలసిన ధనము పెక్కు రాకపోయెను. కాని యజమాని లేని ఆ చిత్రమును ఎవరైన ప్రదర్శింపవచ్చును, ఎవరైన ప్రతులు తీయవచ్చును. అర్ధరాత్రి ప్రదర్శనలందును, టెలివిజనునందును, వీడియో కాసెట్లయందును అది వ్యాపించెను. 1999లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారి జాతీయ చలనచిత్ర పట్టికలో చేరెను. 2016లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల దాని పునరుద్ధరించిన ప్రతిని ప్రదర్శించెను. తొలి దృశ్యము తీయబడిన ఎవాన్స్ సిటీ శ్మశానమందలి చిన్న ప్రార్థనామందిరమును కూల్చుటకు 2011లో నిశ్చయింపగా, అభిమానులు చందాలు పోగుచేసి దానిని నిలిపిరి. ఊరుమ్మడి చెఱువును ఊరివారు కాచుకొన్నట్లు వారు ఆ చిత్రమును కాచుకొనిరి. ఇది వెఱ్ఱి యైనచో, మేలు చేసిన వెఱ్ఱి.

అయినను అభిమానుల వాదములన్నియు అంగీకరింపదగినవి కావు. వానిలో ప్రసిద్ధమైనది నడకను గూర్చిన వివాదము. శవము మెల్లగా నడువవలెనని పాతవారి పక్షము. మృత్యువువలె తొందర లేక, తప్పక వచ్చుటయందే భయమున్నదని వారి తర్కము. డానీ బాయిల్ తీసిన 'ట్వెంటీ ఎయిట్ డేస్ లేటర్' (2002) చిత్రమున వ్యాధి సోకినవారు పరుగెత్తిరి. 1978 నాటి 'డాన్ ఆఫ్ ది డెడ్' మరల 2004లో తీయబడినప్పుడు శవములే పరుగెత్తెను. ఇది సంప్రదాయభంగమని పాతవారు మొఱపెట్టిరి. కాని 1985లోనే 'ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చిత్రమున శవములు పరుగిడినవి. మెదడు తినుట యను ప్రసిద్ధలక్షణము గూడ ఆ చిత్రముతోనే వ్యాప్తికి వచ్చినది. రొమెరో తొలి చిత్రమున శ్మశానమందలి మొదటి శవము చుఱుకుగానే వెంబడించును, రాతితో కారు అద్దమును గొట్టును. కావున సనాతనమని చెప్పబడు నియమము చాలవఱకు అభిమానులే తరువాత కట్టుకొన్నది. లక్ష్యములు ముందు, లక్షణములు తరువాత యను మాట ఇచ్చటను చెల్లును.

నడకను విడిచి రసమును విచారించినచో పాత క్రొత్తల తగవు తీరును. భరతుని మతమున బీభత్సమునకు జుగుప్స స్థాయి, భయానకమునకు భయము స్థాయి. బీభత్సమునుండి భయానకము పుట్టునని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. జోంబీ చిత్రమున ఈ జన్యజనక సంబంధము కన్నులకు గట్టును. కాని ఈ రెండు రసములతో నిలిచిపోయిన చిత్రము ఒక్కమాఱు చూచుటకే చాలును. మరల చూడదగిన వానియందు మూడవది యొకటి యుండును, అది కరుణము. ఎదుట నిలిచిన శత్రువు నిన్నటి తల్లి, నిన్నటి బిడ్డ. రొమెరో తొలి చిత్రమున వ్యాధి ముదిరి మరణించి లేచిన బాలిక కన్నతల్లిని చంపును. తల్లి చేయెత్తి యడ్డుకొనజాలదు. 'డాన్ ఆఫ్ ది డెడ్'లో శవములు పెద్ద యంగడుల సముదాయమును జుట్టుముట్టును; బ్రదికినప్పుడు ప్రియమైన చోటు గనుక వచ్చుచున్నవని పాత్రయొకటి చెప్పును. అచ్చట నవ్వు పుట్టును, నవ్వు వెంట జాలియు పుట్టును.

ఈ కొలతతో జూచినచో క్రొత్తచిత్రములు కొన్ని పాతవానికి దీసిపోవు. యోన్ సాంగ్‌హో దర్శకత్వమున 2016లో వచ్చిన కొరియా చిత్రము 'ట్రెయిన్ టు బూసాన్' శవములను పరుగెత్తించినది. అయినను దాని బలము పరుగున లేదు. పనిలో మునిగి కూతును మఱచిన తండ్రి, వ్యాధి సోకి తెలివి తప్పనున్న క్షణమున, ఆ బిడ్డను పుట్టిననాడు ఎత్తుకొనుటను తలచుకొని రైలునుండి జాఱిపోవును. స్వదేశముననే కోటిమందికి పైగా ప్రేక్షకులు దానిని జూచిరి. షినిచిరో ఉయెదా తీసిన జపాను చిత్రము 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' (2017) అత్యల్పవ్యయముతో నిర్మితమై, టోక్యోలో రెండు శాలలలో ఆరంభమై, చూచినవారి నోటిమాటచేతనే దేశమంతట ప్రాకినది. అందు మొదటి 37 నిమిషములు కోత లేని యొక్క దృశ్యము; తరువాతి భాగమంతయు ఆ దృశ్యమును తీయుటకు ఒక చిన్న బృందము పడిన పాట్లు. కళను ప్రేమించువారి కష్టమును జూపుటచేత అది అభిమానుల చిత్రమైనది.

మన దేశమునకు జోంబీ ఆలస్యముగ వచ్చెను. రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. తీసిన హిందీ చిత్రము 'గో గోవా గాన్' 2013లో విడుదలయ్యెను. వీరిద్దఱు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన తెలుగువారు. 2016లో శక్తి సౌందర్‌రాజన్ 'మిరుదన్' తమిళమున వచ్చెను. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' తెలుగున వచ్చి, కర్నూలు సీమ కక్షల నడుమ శవములను నిలిపెను. ఈ మూటియందును కథ సమాధినుండి పుట్టలేదు. మొదటిదానియందు మత్తుమందు, రెండవదానియందు విషరసాయనము, మూడవదానియందు టీకామందు ప్రయోగము కారణములు. దహనసంస్కారము మెండుగా నున్న దేశమున సమాధి తెఱచుకొని లేచు శవము నమ్మదగినది కాదు. మనకు శవమున బ్రవేశించువాడు బేతాళుడు. అతడు చెట్టున వ్రేలాడి కథలు చెప్పును, ధర్మసందేహముల నడుగును. చందమామ పాఠకులు దశాబ్దములు అతని మాటలు చదివిరి. జోంబీకి మాట లేదు, ప్రశ్న లేదు. ఈ లోటును తెలుగు చిత్రము హాస్యముచే బూరించెను. కక్షలో బంధువే బంధువును చంపు చోట, బంధువే శవమై కఱచుట యను కల్పనకు అర్థగౌరవము కలదు. ఆ యర్థమును చిత్రము తడవినదే గాని లోతుగా త్రవ్వలేదు.

అభిమానుల దోషము మఱపునందున్నది. 2003లో టొరంటో నగరమున శవవేషములతో వీథుల నడచు ఊరేగింపు మొదలై, పెక్కు నగరములకు వ్యాపించినది. చిరిగిన గుడ్డలు, ఎఱ్ఱరంగు, కేకలు అన్నియు గలవు. చెఱకుతోట మాత్రము లేదు. శవములను గొట్టిన లెక్క చెప్పగల యువకుడు, ఆ పేరు ఎవరి కన్నీటినుండి వచ్చినదో యడిగినచో చెప్పలేకుండుట లోపమే. ఫ్రెంచి దర్శకుడు బెర్ట్రాండ్ బొనెల్లో 2019లో 'జోంబీ చైల్డ్' అను చిత్రమున ఈ కథను మరల హైతీ పొలములకు గొనిపోయెను. అభిమానులు దానిని తమ పట్టికలలో పైన నిలుపుట న్యాయము.

కథ సరిహద్దు దాటినప్పుడు మాఱును. తరతరములుగా పరభాషాప్రాంతములందు స్థిరపడి, తమ పాటలును సామెతలును క్రొత్త యుచ్చారణతో నిలుపుకొనుచున్న కుటుంబములకు ఈ సంగతి యొకరు చెప్పనక్కఱలేదు. మాఱుట తప్పు కాదు. ఎచ్చటనుండి వచ్చితిమో యడుగుట మానుటయే తప్పు. ప్రార్థనామందిరపు గోడలను నిలుపుటకు చందా వేసిన అభిమానికి మూలమును నిలుపు శక్తియు గలదు. అట్టివాడు క్రొత్త చిత్రమునకు పోవుటకు ముందు ఒక్కమాఱు 1932 నాటి ఆ పాత చిత్రమును పెట్టుకొని, మనుష్యుడు పడినను ఆగని గానుగ చప్పుడును విని పోవలెను.