కథానిర్మాణము - సంధిఘటనము

కథ వ్రాయ నేర్చుకొనువారికి నిర్మాణపద్ధతులు బోధించు పుస్తకములకు నేడు కొఱత లేదు. ఆరంభము, సంఘర్షణ, పరాకాష్ఠ, ముగింపు అని గీతలు గీచి చూపుట వానిలో పరిపాటి. ఇది పాశ్చాత్యుల విద్య యని కొందఱు నిరసింతురు. ఆ కారణము చాలదు. భరతుని నాట్యశాస్త్రము ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అను ఐదు సంధులను ఏనాడో చెప్పినది. వాని అంగములను గూడ లెక్కించి 64 అని తేల్చినది. ప్రణాళిక లేక వ్రాయుటయే ప్రతిభ యను భ్రమ పూర్వులకు లేదు.

ఆ లెక్కకు దాసోహమనుటలోని ప్రమాదమును పట్టినవాడు 9వ శతాబ్దమునాటి ఆనందవర్ధనుడు. సంధులను, సంధ్యంగములను రసాభివ్యక్తికై కూర్పవలెనే గాని, శాస్త్రము విధించినది గదా యని కూర్పరాదని ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున ఆయన నిర్ణయము. దోషమునకు ఆయన చూపిన ఉదాహరణము భట్టనారాయణుని వేణీసంహారము, ద్వితీయాంకము. వెలుపల కురుక్షేత్రము జరుగుచున్నది, అభిమన్యుడు కూలినాడు, లోపల దుర్యోధనుడు భానుమతితో శృంగారమున నున్నాడు. ప్రతిముఖసంధిలో 'విలాస' మను అంగ మొకటి కలదు గనుక కవి దానిని తెచ్చి పెట్టినాడు. సూత్రము నెగ్గినది, రసము చెడినది. ఆ అంకము చదువునపుడు కలుగు చికాకునకు ఇంతకన్న సూటియైన కారణము చూపినవారు అరుదు.

నాటకమునకై చెప్పిన లెక్కలు చిన్నకథకు యథాతథముగా పనికిరావు. వాని వెనుకనున్న ప్రశ్న మాత్రము పనికివచ్చును. రెండవ పుటలో సంఘర్షణ రావలెనని కల్పించిన కలహము, చివరి వాక్యమున మలుపుండవలెనని దాచిన రహస్యము ఈ 'విలాస'మునకు దాయాదులే.

రహస్యమును దాచు తీరు గురజాడ 'దిద్దుబాటు'లో చూడవలెను. 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడిన ఈ కథ నడుమ నుండి మొదలగును. గోపాలరావు సానిపాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరును. భార్య లేదు, ఉత్తరమున్నది. కమలిని మంచము క్రిందనే యున్నదని కథకుడు తుదివఱకు చెప్పడు. ముందే చెప్పియుండిన గోపాలరావు పలుకులన్నియు పాఠకునికి ప్రహసనము. చెప్పకుండుటచేత ఆ పశ్చాత్తాపమునకు నిజాయితీ వచ్చినది. నౌకరు రాముడు తప్ప వినువారు లేరనుకొని పలికిన మాటలవి. అత్తవారింటికి రాముని పంపి చెప్పింపదలచిన కబురు ఆ గదిలోనే చేరవలసిన చెవిని చేరుచున్నది. రెండవమాఱు చదువునపుడు అదే సంభాషణ వేఱొక కథ యగును. ప్రతి వాక్యమునకు ఒక శ్రోత హెచ్చినది. దాచినది తెలిసిన పిదప గూడ కథ తఱుగక పెరిగినది. ముగింపును నిశ్చయించుకొనక ఆ శూన్యగృహమును మొదటి పుటలో ఇట్లమర్చుట అలవికాని పని.

లోపము లేదనరాదు. పాటకు మరగిన మగడు ఒక్క ఉత్తరముతో, ఒక్క రాత్రిలో మాఱునా? నిర్మాణము ఈ ప్రశ్నకు సమాధానమీయదు. తన వేగముచేత దానిని పాఠకుని నోట రానీయదు, అంతే. మంచము క్రింది నవ్వుతో కథ ఆగిపోవును. గోపాలరావు మఱునాటి సాయంకాలము ఎక్కడ గడపెనో చూపు సన్నివేశము లేదు. నిర్వహణసంధి సాంగముగా రావలెనని పట్టుబట్టు బోధకుడు దొరకియుండిన, దంపతుల సమాధానమును వర్ణించు మఱియొక పుట వ్రాయించియుండును.