సుబ్బయ్యకున్న మనసు సాయిబుకు లేదా?

మనిషి లోపలి భయాన్ని తెలుగు నవలలోకి తెచ్చినవాళ్లలో విశాఖపట్నం ప్లీడరు రావిశాస్త్రి ఒకరు. 1950ల నాటి ఆయన 'అల్పజీవి'లో సుబ్బయ్య మామూలు గుమాస్తా. బావమరిదంటే భయం, అప్పిచ్చిన కాంట్రాక్టరంటే భయం. ఆ భయాన్ని రావిశాస్త్రి ఎగతాళి చెయ్యలేదు, పోగు పోగూ విడదీసి చూపించాడు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', నవీన్ 'అంపశయ్య' చేసిందీ ఈ పనే. మన విమర్శకులు వీటిని మనోవైజ్ఞానిక నవలలని పిలిచి పెద్దపీట వేశారు.

బాగానే ఉంది. కానీ ఆ మనసులు ఎవరివి? సీతారామారావు, దయానిధి, సుబ్బయ్య, రవి. అందులో ఒక్క సాయిబు లేడు. తెలుగు కథలో సాయిబు చాలాకాలం బండి తోలాడు, అత్తరు అమ్మాడు, తావీజు కట్టాడు, హీరో కోసం ప్రాణమిచ్చాడు. అతనికి చేతులున్నాయి, గడ్డం ఉంది, విశ్వాసం ఉంది. మనసు మాత్రం ఇవ్వలేదు.

ముస్లింవాదం వచ్చాక ఈ నోరు మనకు మనమే తెచ్చుకున్నాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా'. పుట్టుకతోనే అనుమానితుడైన మనిషి మొదటిసారి తెలుగులో మాట్లాడాడు. 1992 డిసెంబర్ 6 తర్వాత 'మేము' అని గట్టిగా అనకపోతే బతకలేని పరిస్థితి. ఆ 'మేము' అవసరమే. ఎవరూ కాదనరు.

అయితే దానికి ఓ ఖరీదు పడింది. అవమానం రాశాం, గాయం రాశాం. ఆ గాయం ఒక మనిషి నిద్రనూ ఆకలినీ మాటనూ ఏం చేస్తుందో మాత్రం చాలా తక్కువ రాశాం. మన సాహిత్యంలో గాయం జాతికి ప్రతీకగా నిలబడిపోయింది. నెలల తరబడి నిద్రపట్టనివాడు ఆ ప్రతీక చాటున కనిపించకుండా పోయాడు.

ఇళ్లల్లో ఏం జరుగుతోంది? చదువుకున్న కుర్రాడు వారాల తరబడి గది దాటడు. 'నజర్ తగిలింది' అంటారు. కాన్పయిన పిల్ల బిడ్డను ఎత్తుకోనంటుంది. 'ఆసేబ్' అంటారు. భర్త పోయినావిడ మాట్లాడ్డం మానేస్తుంది. 'సబర్ చెయ్యమ్మా' అంటారు. ఏదీ పనిచెయ్యకపోతే మిగిలేది వాల్తేరు ఆస్పత్రి. బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న ఆ మానసిక వైద్యశాలను ఊరు ఇప్పటికీ పిచ్చాసుపత్రి అనే అంటుంది. ఇటు తావీజు, అటు పిచ్చాసుపత్రి. మధ్యలో కూర్చుని 'నాకు బాగోలేదు' అని చెప్పుకునే చోటే లేదు.

ఇక్కడ సెక్యులర్ మిత్రులకో మాట. దర్గాను చూసి నవ్వకండి. విశాఖ పోర్టు పక్కన వరసగా మూడు కొండలున్నాయి. ఒకదానిమీద చర్చి, ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద ఇషాక్ మదీనా బాబా దర్గా. ఇంట్లో ఏడవడానికి వీల్లేని ఆడమనిషి ఆ దర్గామెట్ల మీద కూర్చుని ఏడవగలదు. హిందూ ఆడవాళ్లూ వస్తారు. అది చిన్న సంగతి కాదు.

కానీ ఓదార్పు వేరు, గొలుసు వేరు. తమిళనాడు ఏర్వాడిలో దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ప్రైవేటు 'హోము'ల్లో కట్టేసి ఉంచేవారు. 2001 ఆగస్టు 6న అలాంటి ఒక హోము అంటుకుంటే, గొలుసులు తెంచుకోలేక 28 మంది చచ్చిపోయారు. ఆ చావుల మీద మన కవిత్వం ఎంత? మనల్ని బయటివాడు చంపితే రాసే కలం, మనవాళ్లనే మన నమ్మకం పేరు చెప్పి కట్టేస్తే ఎందుకు తడబడాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మతాన్ని బట్టి ఎవరినీ మానసిక రోగిగా తేల్చకూడదనీ అదే చట్టం చెప్పింది. ఇది మన చేతిలో ఉండాల్సిన చట్టం.

డాక్టరు దగ్గరికెళ్తే ఈమాన్ తగ్గుతుందనే పెద్దలున్నారు. 934లో చనిపోయిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒకే వైద్యగ్రంథం రాశాడు. దుఃఖాన్నీ భయాన్నీ జబ్బుల్లాగే చూసి, ఇలాజ్ చెప్పాడు. ఆయన ఈమాన్‌ను ఎవరు శంకిస్తారు?

'జబ్బు సమాజానిది, వైద్యం సమాజానికే చెయ్యాలి' అనే కామ్రేడ్లూ ఉన్నారు. చెడ్డనీళ్లు తాగి కలరా వస్తే నీళ్ల ట్యాంకు బాగుచెయ్యాల్సిందే. అందాకా రోగికి సెలైన్ ఎక్కించొద్దంటామా?

డాక్టర్లనూ అడగాల్సింది ఉంది. 'పోలీసులు నా వెంట పడుతున్నారు' అని సుబ్బయ్య అంటే అది జబ్బు లక్షణం కావచ్చు. సాయిబు అంటే అది నిజమూ కావచ్చు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక హైదరాబాదులో పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం కుర్రాళ్లలో చాలామంది తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇది తెలియని డాక్టరు భయానికి మందు రాస్తాడు, కారణాన్ని వదిలేస్తాడు. కారణమే తెలిసిన కవి, మందును వదిలేస్తాడు. రెండూ కావాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన మన దేశంలో మనోవ్యాధులున్నవాళ్లలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. లెక్కల్లోనూ లేం, కథల్లోనూ లేం. లెక్కలు ప్రభుత్వం తియ్యాలి. కథలు మనం రాయాలి. 2022 అక్టోబర్ నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఆ ఫోన్ తియ్యాలా వద్దా అని తలుపేసుకుని కూర్చున్న మన పిల్ల కథ ఎవరు రాస్తారు? ఉక్కు ఫ్యాక్టరీని అమ్మేస్తామని 2021లో అన్నప్పటి నుంచీ నిద్రపట్టని కాంట్రాక్టు కార్మికుడు సాయిబైతే, అతని రెండు భయాలనూ కలిపి ఎవరు రాస్తారు?

'మేము' అనడం నేర్చుకున్నాం. ఇక 'నాకు బాగోలేదు' అనడం నేర్చుకోవాలి. అలా అన్నంతమాత్రాన ఉద్యమం బలహీనపడదు, మనవాళ్లు కొందరు బతుకుతారు.