'స్మాల్' దొరికే దారి

నిఘంటువు దగ్గరికి మాట పట్టుకుని వెళ్తాం, అర్థం తెచ్చుకుంటాం. పీటర్ మార్క్ రోజే 1852లో లండన్‌లో అచ్చువేయించిన 'థెసారస్' ఈ దారిని తిరగేసింది. చెప్పదలచుకున్నది మనసులో మెదులుతోంది, దానికి తగ్గ మాట మాత్రం నాలుక చివర ఆగిపోయింది. అలాంటివాడి కోసం కట్టిన పుస్తకమది. దాన్ని పర్యాయపదాల మూటగా వాడుకునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం మాటలకన్నా వాటిని కూర్చిన తీరే ముచ్చటగా కనిపిస్తుంది. ఆ కూర్పును చూడాలంటే అరుదైన మాట అక్కర్లేదు, బడిపిల్లలకు కూడా తెలిసిన 'స్మాల్' చాలు.

రోజే వృత్తిరీత్యా వైద్యుడు. శరీర నిర్మాణం, శరీరధర్మ శాస్త్రం మీద పాఠాలు చెప్పాడు. రాయల్ సొసైటీకి 1827 నుంచి 1848 వరకు కార్యదర్శిగా ఉన్నాడు. ఘాతాలు, మూలాలు లెక్కకట్టే లాగ్-లాగ్ స్లైడ్ రూల్ గురించి 1815లో పత్రం ప్రచురించాడు. పర్యాయపదాల జాబితా ఒకటి 1805లోనే సొంత వాడుకకు రాసి పెట్టుకున్నాడు. అది పెరిగి పుస్తకమయ్యేసరికి ఆయనకు డెబ్బై మూడేళ్లు.

పుస్తకంలో అక్షరక్రమం వెనకనున్న సూచికకే పరిమితం. అసలు భాగమంతా భావాల వరసలో నడుస్తుంది. మొత్తం ఆరు తరగతులు: అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, భావావేశాలు. తరగతుల కింద విభాగాలు, వాటి కింద వెయ్యి శీర్షికలు. ఒకటో నంబరు 'ఉనికి', వెయ్యో నంబరు 'దేవాలయం'. లోకంలో మనిషి అనగలిగినదంతా ఈ రెంటి మధ్య ఇమడాలన్న పట్టుదల చూస్తే కొంచెం నవ్వొస్తుంది, ఆ వెంటనే గౌరవమూ కలుగుతుంది.

సూచికలో 'స్మాల్' తీస్తే రెండు దారులు కనిపిస్తాయి. పరిమాణంలో తక్కువైతే 32, ఆకారంలో చిన్నదైతే 193. 'చిన్న అనుమానం' మొదటిదాని కిందికి వస్తుంది, 'చిన్న గది' రెండోదాని కిందికి. 32 ఉన్నది అమూర్త సంబంధాల తరగతిలో, 193 ఉన్నది స్థలం తరగతిలో. ఒకే మాటను రెండుగా చీల్చి, వేరువేరు తరగతుల్లో నిలబెట్టాడన్నమాట. మాట్లాడేటప్పుడు మనం గమనించని తేడా ఇక్కడ రెండు అంకెలై కనిపిస్తుంది. ముప్పై రెండుకు ఎదురుగా ముప్పై ఒకటి, అంటే ఆధిక్యం. 193కు ఎదురుగా 192, అంటే పెద్ద ఆకారం. ఎదురుబొదురు భావాలను మొదటి కూర్పులో ఒకే పుటలో రెండు నిలువు వరసలుగా పక్కపక్కన అచ్చువేశారు. కావలసిన మాట దొరకనివాడు దానికి విరుద్ధమైనది పట్టుకుని, కన్ను పక్కకు తిప్పితే చాలు.

శీర్షిక లోపల నామవాచకాలు, క్రియలు, విశేషణాలు, క్రియావిశేషణాలు వేటికవే పేరాలుగా ఉంటాయి. మాటకూ మాటకూ మధ్య కామా. భావం కాస్త పక్కకు జరిగినచోట సెమికోలన్. వేరే శీర్షికకు మళ్లాల్సినచోట దాని నంబరు. అర్థాలు ఎక్కడా ఇవ్వలేదు. ఇంగ్లీషు వచ్చిన చదువరి చెవి మీదే భారం వేశాడు.

ఆ భారం ఎంతటిదో విశేషణాల వరసలోకి దిగితే తెలుస్తుంది. 'లిటిల్', 'మినిట్', 'డిమినిటివ్', 'ప్యూనీ', 'టైనీ', 'వీ', 'పెటీ' అన్నీ అక్కడ ఇరుగుపొరుగులే. 'వీ' స్కాట్లండ్ నోటి మాట, వింటేనే ముద్దు. 'మినిట్' లాటిన్ నుంచి వచ్చి ప్రయోగశాలల్లో స్థిరపడింది. 'పెటీ' ఆకారాన్ని వదిలేసి బుద్ధి చిన్నదనాన్ని పట్టుకుంది. 'ప్యూనీ'కి ఫ్రెంచి మూలంలో 'తర్వాత పుట్టినవాడు' అని అర్థం. చిన్నవాడు కాబట్టి అల్పుడు, అల్పుడు కాబట్టి బక్కవాడు, అలా జారుతూ వచ్చింది.

అన్నిటికన్నా చిక్కైన జత 'స్మాల్', 'లిటిల్'. మొదటిది కొలత చెప్పి ఊరుకుంటుంది. రెండోది ముద్దో, జాలో, చులకనో కలిపి చెబుతుంది. అందుకే 'నైస్' తర్వాత 'లిటిల్ హౌస్' అంటారు గాని 'స్మాల్ హౌస్' అంటే చెవికి అతకదు. అదే ఇల్లు వాక్యం చివర విశేషణం కోరితే 'లిటిల్' తప్పుకుంటుంది, 'ద హౌస్ ఈజ్ స్మాల్' అనాల్సిందే. 'స్మాలర్', 'స్మాలెస్ట్' సాఫీగా నడుస్తాయి, 'లిట్లర్' పెద్దల నోట అంతగా వినిపించదు. తమ్ముడు 'లిటిల్ బ్రదర్', వాడు అన్నకన్నా పొడుగు పెరిగినా సరే. మనవాళ్లు 'స్మాల్ స్మాల్ థింగ్స్' అన్నప్పుడు లోపల 'చిన్నచిన్న' పనిచేస్తోందని వేరే చెప్పాలా? ఇవేవీ రోజే రాయలేదు, పక్కపక్కన మాత్రం నిలబెట్టాడు. పక్కన నిలబెడితేనే గదా తేడా కనిపించేది.

'స్మాల్'కు ప్రాచీన ఇంగ్లీషులో ఉన్న అర్థం 'సన్నని' అని. నడుము దగ్గర వీపు సన్నబడేచోటును ఇప్పటికీ 'స్మాల్ ఆఫ్ ద బ్యాక్' అంటారు. చిన్నప్రేవు సుమారు ఆరు మీటర్లు, పెద్దప్రేవు ఒకటిన్నర. పొడవు చూస్తే పేర్లు తారుమారయ్యాయనిపిస్తుంది. అక్కడ చిన్నదనం పొడవులో కాదు, వెడల్పులో. తెలుగులోనూ సన్నదనం చిన్నదనంలోకి జారిన జాడ ఉంది: సన్నకారు రైతు.

ఈ చుట్టరికం సంస్కృత పర్యాయపద కోశమైన అమరకోశంలోనూ కనిపిస్తుంది. దాని మూడో కాండలో విశేష్యనిఘ్నవర్గం ఉంది. విశేష్యాన్ని బట్టి లింగం మార్చుకునే మాటలు, అంటే విశేషణాలు, అక్కడ చేరాయి. అందులో అల్పం, సూక్ష్మం, కృశం, తను ఒకే వరసలో కూర్చున్నాయి. కొంచెం, చిన్న, బక్క, సన్న అనే అర్థాల మధ్య గోడ ఎంత పలచనో దాన్ని రాసిన అమరసింహుడికీ తెలుసు. భావాల క్రమంలో మాటలు పేర్చిన పూర్వగ్రంథాల్లో అన్నిటికన్నా పాతదిగా రోజే తన ఉపోద్ఘాతంలో ఈ అమరకోశాన్నే పేర్కొన్నాడు. 1808లో సీరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదం ఆయనకు తెలుసు. అయితే పనిముట్లు వేరు. అమరం శ్లోకంలో ఉంది, మన వీధిబడుల్లో పిల్లలు అర్థం తెలియకముందే వల్లెవేశారు. గొంతులో నిలిచినదానికి వెతుకులాట లేదు. రోజేది కంటికి కట్టిన ఏర్పాటు, నంబర్లూ సూచికా లేకపోతే తలుపు తెరుచుకోదు.

ఆ సూచిక దగ్గరే పుస్తకం బలహీనత కూడా ఉంది. మాట ఒకచోట కుదురుగా ఉండదు. 'స్మాల్ టాక్'లో చిన్నదనం ఆకారానిదీ కాదు, పరిమాణానిదీ కాదు, విలువది. దానికి 643, 'అప్రాధాన్యం', కూడా చూడాలి. రోజే 1869లో, తొంభై ఏళ్ల వయసులో చనిపోయేవరకు చేర్పులు పోగుచేస్తూనే ఉన్నాడు. వాటితో కొడుకు జాన్ లూయిస్ రోజే 1879లో కొత్త కూర్పు తెచ్చాడు. వెయ్యి శీర్షికల చట్రాన్ని అలాగే ఉంచి, ఒకచోటినుంచి మరోచోటికి పంపే నంబర్లనూ, వెనక సూచికనూ పెంచాడు. ఇప్పుడు దొరికే చాలా థెసారస్‌లు అక్షరక్రమంలోకి మారిపోయాయి. వాటిలో 'స్మాల్' కింద ఇరవై మాటలు చప్పున కనిపిస్తాయి, 192 మాత్రం పక్కన ఉండదు.