గుప్పిట విప్పే నెల

"చూడండమ్మా, నాలుగో నెలకే ఎలా నిలబడుతున్నాడో! మా ఇంట్లో ఇంత బలం ఎవరికీ లేదు."

గత చలికాలంలో ఒక పెద్దావిడ మనవణ్ణి చంకల కింద పట్టుకుని నా బల్ల మీద నిలబెట్టింది. పిల్లాడి కాళ్ళు కర్రల్లా బిగిసి ఉన్నాయి. మడమలు బల్లకి ఆనడం లేదు. కాలివేళ్ళు కిందికి ముడుచుకుపోయాయి, ఒక కాలు రెండో కాలి మీదికి కత్తెరలా వచ్చేస్తోంది. వెనక కుర్చీలో తల్లి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. ఆమె ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో డిశ్చార్జి కాగితాలు.

ఇరవై ఏళ్ళుగా పసిపిల్లలకి ఫిజియోథెరపీ చేస్తున్నాను. నా దగ్గరకొచ్చే వాళ్ళలో చాలామంది మొదట చెప్పే మాట ఒక్కటే: "పుట్టగానే ఏడవలేదు మేడమ్." ఆ వెనకే మిగతావి. ఉమ్మనీరు మింగాడు, పేగు మెడకి చుట్టుకుంది, రెండో రోజు ఫిట్స్ వచ్చాయి, పది రోజులు బాక్సులో పెట్టారు. కాగితంలో మాత్రం బర్త్ యాస్ఫిక్సియా, హెచ్‌ఐఈ రెండో దశ అని ఉంటుంది. పుట్టే వేళ మెదడుకి రక్తం, ఆక్సిజన్ చాలినంత అందలేదని అర్థం. మొదటి దశలో ఉన్నవాళ్ళు చాలావరకు కోలుకుంటారు. మూడో దశ తీవ్రత మొదటి వారంలోనే బయటపడుతుంది. రెండో దశ పిల్లల సంగతే పుట్టిన వారంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. ఎంఆర్ఐ కొంత చెబుతుంది. మిగతాది బిడ్డ కదలికల్లోనే తెలియాలి, వాటిని నెలనెలా చూస్తూ ఉండాలి.

మన ఇళ్ళలో చూడరని కాదు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, పలుకులకి చిలకలు అంటూ ఎదుగుదలలో ఒక్కో మెట్టుకి ఒక్కో తీపి పెట్టుకున్నాం. నా గది గోడకి తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ వాళ్ళ చార్టు ఉంటుంది. రెండేళ్ళలోపు పిల్లల కోసం అందులో 17 అంశాలు. బిడ్డ వయసు దగ్గర పెన్సిల్ నిలువుగా ఆనించి, దానికి ఎడమవైపు ఉన్నవన్నీ వచ్చాయా లేదా అని చూస్తాం. అమ్మమ్మల లెక్కా ఇదే. వచ్చిందా, రాలేదా. కష్టమైన కాన్పులో పుట్టిన బిడ్డకి ఈ లెక్క ఒక్కటే చాలదు. ఎందుకంటే వీళ్ళలో కొన్ని లక్షణాలు ఆలస్యంలా కనిపించవు, ముందే వచ్చేసినట్టు కనిపిస్తాయి.

బిగుసుకున్న కాళ్ళు బలమైన కాళ్ళలా ఉంటాయి. ఆరో నెలలో అన్నిటినీ కుడిచేత్తోనే అందుకుంటుంటే, అప్పుడే చేతివాటం తెలిసిపోయిందని మురుస్తారు. ఏడాది నిండేదాకా పిల్లలు రెండు చేతులూ ఇంచుమించు సమానంగా వాడాలి. ఒక్కటే వాడుతుంటే రెండో చేతిని పరీక్షించాలి. తల వెనక్కి గట్టిగా విరిచే బిడ్డని చూసి మెడ నిలిపేశాడంటారు. పాలకి కూడా లేవకుండా పడుకునే పిల్లని "బంగారం, అసలు సతాయించదు" అంటారు. నన్ను ఎక్కువగా భయపెట్టేవి ఈ మెచ్చుకోళ్ళే. బాధ పడితే ఆస్పత్రికి వస్తారు, మురిసిపోతే ఇంట్లోనే ఉండిపోతారు.

పెద్దావిడని ఏమీ అనలేదు. తల్లినే అడిగాను: "డైపర్ మార్చేటప్పుడు కాళ్ళు తేలిగ్గా విడివడతాయా అమ్మా?"

ఆమె తలెత్తి చూసింది. "విడివడవండి. రెండు నెలల నుంచీ అంతే. నాకే చేతకావట్లేదనుకున్నా."

నా పనిలో సగం ఇలాంటి ప్రశ్న అడగడమే. స్నానం చేయించే చేతికి, చొక్కా తొడిగే చేతికి ఏ చార్టు కంటేనైనా ముందు తెలుస్తుంది. మిగతా సగం నా చేతులు చేయాలి. బిడ్డ పాలు తాగి, మెలకువగా, ఏడుపు లేకుండా ఉండాలి. ఏడిచే బిడ్డ కండరాలు నిజం చెప్పవు. చేతులు రుద్దుకుని వేడి చేసుకున్నాక వాడి గుప్పిట్లో వేలు పెట్టి చూశాను. పుట్టినప్పుడు అందరి గుప్పిళ్ళూ మూసుకునే ఉంటాయి, మూడో నెలకల్లా వాటంతటవే విచ్చుకుంటాయి. వీడి బొటనవేలు ఇంకా లోపలే ఉంది, మిగతా నాలుగూ దాన్ని కప్పేశాయి. తొడలు విడదీస్తే లంబకోణంలో సగం దగ్గరే ఆగిపోయాయి. ఆ వయసుకి 70 డిగ్రీలైనా రావాలి.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇంకో తల్లి "బిడ్డ గట్టిగా బిగుసుకుంటున్నాడు" అంటే, ఏడాది నిండనివ్వండి, చూద్దాం అని పంపేశాను. పద్నాలుగో నెలలో తిరిగొచ్చారు. మెదడు కొత్త దారులు వెతుక్కునే ఆ నెలలని నా మాట తినేసింది. అప్పటి నుంచి ఎవరినీ "ఆగండి" అన్న ఒక్క మాట చెప్పి పంపేయలేదు. మూడు నుంచి అయిదో నెల మధ్య బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, బొమ్మ చూపించకుండా, పలకరించకుండా మూడు నిమిషాలు ఫోన్లో వీడియో తీయమంటాను. మెడ, మణికట్టు, చీలమండల దగ్గర ఎడతెగని చిన్న చిన్న కదలికలు ఉన్నాయా అని చూస్తాం. హైన్జ్ ప్రెచ్టల్ అనే వైద్యుడు నేర్పిన పద్ధతి ఇది. అవి లేకపోతే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు కుదరని స్థితి, కావచ్చని అనుమానించి ఆ రోజే పని మొదలెడతాం. వినికిడికి బెరా పరీక్ష కూడా చేయిస్తాం.

తప్పెవరిదన్న ప్రశ్న మాత్రం ఇళ్ళలో ఏడాదంతా నడుస్తుంది. "గట్టిగా ముక్కలేదట మా కోడలు" అని ఆ పెద్దావిడే అంది. ఈ వాదన పాతదే. కష్టకాన్పుకీ ఈ బిగుసుకోవడానికీ ముడివేసి 1861లో లండన్ వైద్యుడు విలియం లిటిల్ ప్రసంగించాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, మనోవిశ్లేషణ ఫ్రాయిడే, అప్పుడాయన నరాల వైద్యుడు, కడుపులోనే ఏదో జరిగి ఉంటే కాన్పు కష్టమవడం దాని ఫలితమూ కావచ్చని ఎదురు వాదించాడు. ఒక్కో బిడ్డ విషయంలో కారణం తేల్చడం ఇప్పటికీ తేలిక కాదు. అంత చిక్కైన సంగతిని నొప్పులు పడ్డ ఆడపిల్ల నెత్తిన రుద్దడానికి నేను ఒప్పుకోను. ఆ మాట ఆవిడతో అక్కడే చెప్పాను.

తర్వాత వ్యాయామం ఆవిడకే నేర్పాను. రోజూ నూనె రాసి, కాళ్ళు చాపుకుని వాటి మీద మనవడికి నీళ్ళు పోసేది ఆవిడే. వేళ్ళు పట్టి లాగొద్దు, చిటికెనవేలి వైపు నుంచి చేతి వెనక నిమిరితే గుప్పిట వదులవుతుంది. నిలబెట్టడం మానేయండి, వాకర్ కొనొద్దు. ఎత్తుకుంటే నడుం మీద, రెండు కాళ్ళూ అటొకటి ఇటొకటి వచ్చేలా చంకనేసుకోండి. తొడలు విడివడడానికి నాకు తెలిసిన మంచి ఉపాయం మన ఆడవాళ్ళు బిడ్డని చంకనేసుకునే తీరే. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలయ్యాక జిల్లాల్లో ఇలాంటి పిల్లల కోసం సత్వర చికిత్సా కేంద్రాలు (డీఈఐసీలు) వచ్చాయి, వైద్యం ఉచితం. కానీ థెరపీ వారంలో రెండు గంటలైతే నానమ్మ నడుం రోజంతా ఉంటుంది.

మొన్న తొమ్మిదో నెలలో వచ్చారు. బోర్లా పడ్డాడని పెద్దావిడ స్టీలు డబ్బాలో బొబ్బట్లు తెచ్చింది. తల్లి ఈసారి వెనక కుర్చీలో కాకుండా నా పక్కనే నేల మీద కూర్చుంది.

"నడుస్తాడా మేడమ్?"

"రెండేళ్ళలోపు ఆసరా లేకుండా కూర్చోగలిగిన పిల్లల్లో చాలామంది నడుస్తారమ్మా. ముందు కూర్చోబెడదాం."

చాప మీద కూర్చోబెట్టి నడుం దగ్గర పట్టుకున్నాను. నానమ్మ ఎదురుగా గిలక్కాయ ఊపింది. వాడు కాసేపు దాన్నే చూసి ముందుకి వాలాడు. రెండు చేతులూ వచ్చాయి, కుడిది కొంచెం ముందు. బొటనవేళ్ళు బయటే ఉన్నాయి.